ఇరాక్‌లో దొంగల భయం తక్కువే, మరి భయపడాల్సింది దేనికి?

దుబాయ్‌లో ఉంటున్న మీరు డిసెంబర్‌లో మీ ఆవిడతో కలిసి తొమ్మిది రోజులు ఇరాక్ వెళ్దామనుకుంటున్నారు. రాజధాని బాగ్దాద్, షియాల యాత్రాస్థలాలు కర్బలా, నజఫ్, ప్రాచీన నగరాల శిథిలాలున్న బాబిలోన్, ఊర్, వీలైతే ఉత్తరాన మోసుల్. అమెరికా విదేశాంగ శాఖ సైట్ చూస్తే నాలుగో లెవెల్, అంటే అన్నిటికంటే పై హెచ్చరిక, 'వెళ్ళొద్దు' అని ఉంది. యూట్యూబ్ తెరిస్తే ఒక్కో కుర్రాడు 'టీ తాగితే డబ్బులు కూడా తీసుకోలేదు' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఎవర్ని నమ్మాలి, అక్కడ నేరాలు ఏ స్థాయిలో ఉంటాయి అన్నది మీ ప్రశ్న.

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదండి. కుర్రాడు నేరం గురించి చెబుతున్నాడు, సైట్ వాళ్ళు యుద్ధం గురించి చెబుతున్నారు. ఆ రెండూ వేర్వేరు లెక్కలు. ఒకే సంచిలో వేస్తే ఏదీ తేలదు.

నాది జగిత్యాల. 2012లో ఉత్తరాన కుర్దిస్తాన్‌లోని ఎర్బిల్ వెళ్ళి మూడేళ్ళు చేశాను, తర్వాత 2024 దాకా దక్షిణాన బస్రా చుట్టుపక్కల చమురు క్యాంపుల్లో ఉన్నాను. నా ఉద్యోగాన్ని జర్నీ మేనేజ్‌మెంట్ అంటారు. ఏ బండి ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఏ దారిన పోవాలి, ఎప్పటికి చేరాలి, చేరకపోతే మొదటి ఫోన్ ఎవరికి కొట్టాలి, ఇదే నా పని. కాబట్టి నేను చెప్పేది టూరిస్టు చూసినది కాదు, రోజూ బండ్లు పంపి అవి తిరిగొచ్చేదాకా కూచున్నవాడి మాట. ఆ కోణంలో కాస్త భయం ఎక్కువే ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

ముందు దొంగల సంగతి. ఎర్బిల్ కోట కింద ఖైసరీ బజార్ ఉంటుంది. ఆ దగ్గర్లో డబ్బు మార్చేవాళ్ళు దారి పక్కనే బల్లలు వేసుకుని కూచుంటారు. దినార్ కట్టలు రబ్బరు బ్యాండ్లు వేసి ఇటుకల్లా పేర్చి ఉంటాయి. నేను వెళ్ళిన మొదటి వారంలో ఒక ముసలాయన నమాజు వేళ అయిందని లేచి, ఆ కట్టల మీద ఓ గుడ్డ కప్పేసి వెళ్ళిపోయాడు. నాకు కాళ్ళు కదల్లేదు. ఎవడైనా ఎత్తుకుపోతే నా మీదికి వస్తుందేమోనని ఒక భయం, కాపలా కాయాలేమోనని ఒక ధర్మసందేహం. పావుగంటకు వచ్చాడు, గుడ్డ తీశాడు, నన్ను చూసి ఎంత మార్చాలన్నాడు. వాళ్ళని సర్రాఫ్ అంటారు. మన షరాబు ఆ మాటే.

జేబులు కొట్టడం, మెడలో గొలుసు లాక్కుపోవడం, మత్తుమందు పెట్టి దోచుకోవడం లాంటివి ఇరాక్‌లో విదేశీయులకు అరుదు. అసలు లేవని కాదు. కర్బలా జియారత్, అంటే దర్గా యాత్ర, రద్దీలో ఫోన్లు పోతాయి, టాక్సీవాడు రెండింతలు అడుగుతాడు. కానీ మన బస్టాండ్లలో బ్యాగు పట్టుకున్నంత గట్టిగా అక్కడ పట్టుకోనక్కర్లేదు.

దీనికి కారణం పోలీసులు అనుకుంటే పొరపాటు. కారణం తెగలు. వాళ్ళ మాటలో అషాయిర్. ఒకడు దొంగతనం చేస్తే వాడి తెగ పెద్దలు వెళ్ళి అవతలి తెగ ముందు కూచుని తలదించుకోవాలి, నష్టపరిహారం కట్టాలి. దాన్ని ఫసల్ అంటారు. అతిథిని ముట్టుకోవడం ఇంకా పెద్ద తలవంపు. అయితే ఏ కట్టుబాటు మీ పర్సును కాపాడుతోందో, అదే కట్టుబాటు రాత్రికి రాత్రి ఊళ్ళో మెషిన్ గన్లు తీయిస్తుంది. బస్రా ఊళ్ళో మూతపడ్డ షాపు షట్టర్ల మీద, ఇళ్ళ గోడల మీద ఎర్ర స్ప్రేతో 'మత్‌లూబ్ అషాయిరియన్' అని రాసి ఉంటుంది. ఈ ఇంటివాడు మా తెగకు బాకీ అని అర్థం. బాకీ అంటే డబ్బే కానక్కర్లేదు. బస్రాకు ఉత్తరాన కుర్నా వైపు రెండు తెగలు కొట్టుకుంటుంటే మా బండ్లు సగం దారి నుంచి వెనక్కి తిప్పించిన రోజులు లెక్కలేనన్ని. వాళ్ళకు మన మీద ఏ కోపమూ లేదు, మనం మధ్యలో ఉంటామంతే. కాబట్టి గోడ మీద ఆ రాత కనబడితే అక్కడ నిలబడి ఫోటో దిగకండి. పెళ్ళిళ్ళకు, ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచినప్పుడు గాల్లోకి కాలుస్తారు, ఆ గుళ్ళు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. మ్యాచ్ ఉన్న రాత్రి హోటల్ మేడ మీద కూచోవద్దు. పైకప్పు కింద ఉండండి.

ఇక యుద్ధం లెక్క. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల అస్కరీ దర్గా గుమ్మటం పేల్చినప్పటి నుంచి షియా, సున్నీ కొట్లాటలతో రెండేళ్ళు బాగ్దాద్ ఒక నరకం. 2014 జూన్ 10న మోసుల్ ఐసిస్ చేతికి పోయింది. అప్పుడు నేను ఎర్బిల్‌లో ఉన్నాను, మోసుల్‌కు గంటన్నర దూరం. అక్కడే మనవాళ్ళు 39 మంది, కూలి పనికి వచ్చినవాళ్ళు, చనిపోయారు. ఆ సంగతి ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది 2018 మార్చిలో. నాలుగేళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో ఎదురు చూశారు. ఐసిస్ మీద గెలిచామని ఇరాక్ ప్రకటించింది 2017 డిసెంబర్ 9న.

ఆ తర్వాత హింస రకం మారింది. సంతలో బాంబు పెట్టడం బాగా తగ్గింది. చివరి పెద్దవి 2021లో జరిగాయి. జనవరి 21న బాగ్దాద్ తయరాన్ చౌక్ దగ్గర పాత బట్టల సంతలో రెండు పేలుళ్ళకు 32 మంది పోయారు. మొదటివాడు ఒంట్లో బాగోలేదని పడిపోయినట్టు నటించి జనాన్ని పోగేసి పేల్చుకున్నాడు, దెబ్బతిన్నవాళ్ళను లేపడానికి వచ్చినవాళ్ళ మధ్య రెండోవాడు పేల్చుకున్నాడు. అందుకే మా క్యాంపులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే మొదటి మాట ఒకటే. చప్పుడు వినబడితే అటు వెళ్ళొద్దు, కిటికీ దగ్గరికి కూడా వెళ్ళొద్దు. మనకు అలవాటు వేరే కదా, ఏదైనా చప్పుడైతే పదిమంది పరిగెత్తుకెళ్ళి చూస్తాం. అది ఇక్కడే వదిలేసి బయల్దేరండి.

ఈ మధ్య జరిగేవి దేశాల మధ్య లెక్కలు. 2020 జనవరిలో బాగ్దాద్ ఎయిర్‌పోర్ట్ దారిలో డ్రోన్ దాడి, 2024 జనవరిలో ఎర్బిల్ మీద ఇరాన్ క్షిపణులు, ఉత్తరాన కొండల్లో టర్కీ దాడులు. 2022 జులైలో జాఖో దగ్గర ఒక విహార స్థలం మీద ఫిరంగి గుండ్లు పడి తొమ్మిది మంది ఇరాకీ టూరిస్టులు చనిపోయారు. ఇవి టూరిస్టు కోసం వెతికి వేసేవి కావు, కానీ అడ్రస్ ఉన్నవి. స్థావరాలు, దౌత్య కార్యాలయాలు, మిలీషియాల (సొంత సాయుధ దళాల) ఆఫీసులు, పెద్ద పెద్ద నాయకుల ఇళ్ళు. హోటల్ బుక్ చేసేముందు మ్యాప్‌లో చుట్టూ కిలోమీటరు ఏముందో చూడండి. బాగ్దాద్‌లో ప్రభుత్వ ఆఫీసులు, ఎంబసీలు ఉండే కాపలా ప్రాంతాన్ని గ్రీన్ జోన్ అంటారు, దాని పక్కనైతే సేఫ్ అనుకుంటారు చాలామంది. నేనైతే రాకెట్ గురిపెట్టే చోటికి దూరంగానే పడుకుంటాను.

మీకు నిజంగా ఎదురయ్యే అవకాశం ఉన్నది విమానాలు ఆగిపోవడం. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకోవడం మొదలవగానే ఇరాక్ గగనతలం మూసేశారు. నాతో పనిచేసినవాళ్ళలో సెలవు మీద ఇంటికి రావాల్సిన నలుగురు బ్యాగులు సర్దుకుని అలాగే కూచున్నారు. బాంబు పడి చచ్చే అవకాశం కంటే, చేతిలో డబ్బు అయిపోయి, వీసా గడువు దగ్గరపడి, ఏ సరిహద్దు తెరిచి ఉందో తెలియక టెన్షన్ పడే అవకాశం చాలా ఎక్కువ. పది రోజులు అదనంగా బతకడానికి సరిపడా నగదు డాలర్లు విడిగా పెట్టుకోండి. రోజూ వేసుకునే మందులు రెండు వారాలవి ఎక్కువ తీసుకెళ్ళండి. వెళ్ళగానే బాగ్దాద్‌లో మన ఎంబసీకి మీ ఇద్దరి వివరాలు మెయిల్ చేయండి. ఎర్బిల్‌లో మన కాన్సులేట్ కూడా ఉంది. ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చివరి పేజీ దాకా చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో యుద్ధం, ఉగ్రవాదం మినహాయింపుల్లోనే ఉంటాయి.

కిడ్నాపుల గురించి మీ ఆవిడ ప్రత్యేకంగా అడిగారన్నారు. డబ్బు కోసం దారిన పోయే విదేశీయుణ్ణి ఎత్తుకుపోవడం 2004 తర్వాత కొన్నేళ్ళు జరిగింది, ఇప్పుడు అది వ్యాపారంగా లేదు. కానీ సున్నా కాదు. 2023 మార్చిలో బాగ్దాద్ నడిబొడ్డున ఉండే కర్రాదా నుంచి ఒక విదేశీ పరిశోధకురాలిని ఎత్తుకెళ్ళారు. ఆమె బయటపడింది 2025 సెప్టెంబర్‌లో. ఆమె చదువుతున్న విషయం రాజకీయాలు, మిలీషియాలు. తొమ్మిది రోజుల టూరిస్టు దంపతులకు అది దూరపు ముప్పు. అయినా రాజకీయం మాట్లాడే కేఫ్ స్నేహాలు వద్దు, రేపటి ప్లాన్ ఎవరికీ చెప్పొద్దు, ఫోటోలు ఆ ఊరు దాటాక పెట్టండి.

ఇప్పుడు మీరు రోజుకు ఐదారుసార్లు దాటాల్సిన దాని గురించి. చెక్‌పోస్టును అక్కడ సైతరా అంటారు. మీ ట్రిప్ బాగా జరిగిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

2019 అక్టోబర్ మొదటి వారం. దేశమంతా నిరసనలు మొదలై, ఇంటర్నెట్ ఆపేసి, సైనికులు నిద్రల్లేక చిరాకుగా ఉన్నారు. జుబైర్ దగ్గర బండి ఆగింది. ఏడేళ్ళ నుంచి అక్కడ ఉన్నవాణ్ణి, అందరికీ చెప్పేవాణ్ణి, నేనే తప్పు చేశాను. ఖర్జూర తోట మీద సూర్యాస్తమయం బాగుందని అద్దంలోంచి ఫోన్ ఎత్తాను. తోట వెనక వాచ్‌టవర్ ఉందని చూసుకోలేదు. దింపారు. ఫోన్ తీసుకున్నారు. నాలుగు గంటలు ఇనుప రేకుల గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూచున్నాను. ఒక సార్జెంట్ నా గ్యాలరీ మొత్తం వేలితో జరుపుతూ పోతున్నాడు. వాడి చేతి గడియారం అద్దం పగిలి ఉంది, అది ఇప్పటికీ గుర్తు. ఇంటి నుంచి వచ్చిన బతుకమ్మ ఫోటోల దగ్గర ఆగాడు. పూలు కుప్ప పోసి చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతున్నారు, ఏమిటిది అన్నాడు. మా పండుగ, పూలకు మొక్కుతాం, తర్వాత నీళ్ళలో వదిలేస్తాం అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఇంకొకణ్ణి పిలిచి చూపించాడు. ఆ తర్వాత టీ వచ్చింది. టవర్ ఫోటో తీసేయించి పంపేశారు. అదృష్టం బాగుండి పూల ఫోటోలు, అదే ఫోన్‌లో గ్రూపులో ఎవడో ఫార్వర్డ్ చేసిన తుపాకుల వీడియో ఉండి ఉంటే నాలుగు గంటలతో పోయేది కాదు.

కాబట్టి బయల్దేరేముందు ఫోన్ శుభ్రం చేయండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు, ఎవరో పంపిన యుద్ధం జోకులు, జెండాలు, అన్నీ తీసేయండి. ఇజ్రాయెల్ సంబంధించినది ఏదీ, పాత ట్రిప్ ఫోటో కూడా, ఉండకూడదు. ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకోవడం నేరమని 2022లో చట్టం చేశారు, శిక్ష మరణదండన దాకా ఉంది. డ్రోన్, బైనాక్యులర్స్ దుబాయ్‌లోనే వదిలేయండి. సైతరా దగ్గర లోపలి లైటు వేయాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయాలి, పాస్‌పోర్ట్ డ్రైవర్ చేతికివ్వాలి, అడిగితేనే మాట్లాడాలి. 'హిందీ' అంటే అక్కడ భారతీయుడు అని. ఆ మాట విన్న వెంటనే సగం మంది షారుఖ్, అమితాబ్ అంటూ నవ్వేస్తారు. పాస్‌పోర్ట్, వీసా కాపీలు ఓ పది తీయించుకోండి, కాపీ ఇస్తే పని త్వరగా అవుతుంది. మీ పెళ్ళి సర్టిఫికెట్ కాపీ కూడా ఒకటి ఉంచుకోండి. కర్బలా, నజఫ్ హోటళ్ళలో అడగొచ్చు.

టూరిస్టులు జైలుకు పోయే దారులు రెండున్నాయి. వాటికీ దొంగలకూ సంబంధం లేదు. ఒకటి నేల మీది పెంకు. 2022లో ఎరిదు శిథిలాల దగ్గర కొన్ని కుండపెంకులు ఏరుకున్న ఒక బ్రిటిష్ రిటైర్డ్ భూగర్భ శాస్త్రవేత్తకు బాగ్దాద్ కోర్టు 15 ఏళ్ళు వేసింది. తర్వాత అప్పీలులో వదిలేశారు, కానీ అప్పటికి నెలలు లోపలున్నాడు. ఊర్‌లో, బాబిలోన్‌లో అడుగడుగునా పెంకులే. గుర్తుకోసం ఒక్కటి కూడా వద్దు. షూస్ సందుల్లో ఇరుక్కున్నదాన్ని కూడా అక్కడే దులిపేసి రండి. రెండోది మందులు. మన ఇళ్ళల్లో నడుంనొప్పికి వేసుకునే ట్రమడాల్ అక్కడ మత్తుమందు లెక్క. కొడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా. అమ్మ సర్ది ఇచ్చిన మందుల డబ్బా ఉంటుంది కదా, అది తెరిచి ఒక్కొక్క స్ట్రిప్ పేరు చదివి, అవసరమైనవే చీటీతో సహా పెట్టుకోండి.

ఇన్నేళ్ళలో మా లాగ్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసిన పేజీల్లో ఎక్కువ భాగం రోడ్డువే. తుపాకీ దెబ్బ ఒక్కటీ లేదు, ఒక డ్రైవర్‌ను, ఇద్దరు హెల్పర్లను మాత్రం రోడ్డు మీద పోగొట్టుకున్నాం. ఇరాక్‌లో కొన్ని రోడ్లకు జనమే తరీఖ్ అల్-మౌత్, చావుదారి, అని పేరు పెట్టుకున్నారు. రాత్రి లైట్లు లేని లారీలు, ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే పికప్‌లు, సైతరాల ముందు గుర్తులేని స్పీడు బ్రేకర్లు. డిసెంబర్ తెల్లవారుజామున దక్షిణాన పొగమంచు కూడా ఉంటుంది. మా రూలు ఒకటే ఉండేది, పొద్దుగూకాక ఊళ్ళ మధ్య ప్రయాణం లేదు. మీరూ అదే పెట్టుకోండి. బాగ్దాద్ లోపల తిరగడానికి కరీం, బలీ యాప్‌లు పనిచేస్తాయి. ఊళ్ళ మధ్య షేరింగ్ కార్లు గరాజ్ నుంచి బయల్దేరుతాయి, డ్రైవర్ 'నజఫ్, నజఫ్, ఒక్క నఫర్' అని అరుస్తుంటాడు. నఫర్ అంటే ఒక మనిషి. ఇద్దరే అయినా మొత్తం కారు మాట్లాడుకోండి. అప్పుడు 'నెమ్మదిగా పో' అని చెప్పే హక్కు మీకుంటుంది. నెమ్మదికి షువయ్య షువయ్య. ఈ ఒక్క మాట వస్తే చాలు.

డబ్బు విషయం చిన్నది. కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు. నీలం గీత ఉన్న కొత్త వంద డాలర్ల నోట్లే తీసుకెళ్ళండి, పాతవి, మడతపడ్డవి సర్రాఫ్ పక్కకు నెట్టేస్తాడు. సర్కారు రేటు డాలరుకు 1,310 దినార్లు, బజారు రేటు అంతకంటే ఎక్కువ.

ఆడవాళ్ళకు బాగ్దాద్‌లో, ఎర్బిల్‌లో ఒళ్ళు కప్పే మామూలు బట్టలు చాలు. కర్బలా, నజఫ్ దర్గాల్లో అబాయా, అంటే ఒళ్ళంతా కప్పే పొడుగు అంగీ, తప్పనిసరి. వెంటపడటం తక్కువ, చూపులు ఎక్కువ. రద్దీలో చేతులు తగలడం అక్కడా ఉంది. గట్టిగా 'ఐబ్!' అంటే చాలు, చుట్టూ ఉన్న ముసలాళ్ళే వాడి పని పడతారు. సిగ్గులేదా అని అర్థం.

ఇక్కడ చిన్న పక్కదారి. మీ ప్రశ్న కింద ఒకాయన 'అక్కడ అంత బాగుంటే మా తమ్ముణ్ణి పనికి పంపొచ్చా' అని అడిగారు. టూరిస్టుకు బాగుంటే కూలివాడికి బాగుంటుందని లేదు. ఎర్బిల్‌లో నేను చూసిన నేరబాధితుల్లో ఎక్కువమంది మావైపు వాళ్ళే, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పిల్లలు. వాళ్ళను దోచింది ఇరాకీలు కాదు, ఊళ్ళోని ఏజెంటు. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా మీద దింపి పోతాడు. అకామా (అక్కడ ఉండే పర్మిట్) లేదు, రోజులు గడిచేకొద్దీ జరిమానా పెరుగుతుంది, కల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోయి పోలీసు కనబడితే గోడ దూకాలి. గొడవలు మొదలైతే మీరు టికెట్ కొనుక్కుని వచ్చేస్తారు, వాడు రాలేడు. ఇరాక్ ఈసీఆర్ దేశాల్లో ఒకటి, అంటే ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవాడు పనికి పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి కావాలి. పదో తరగతి పాసవని వాడి పాస్‌పోర్ట్ ఈసీఆర్‌దే అయి ఉంటుంది, అలాంటప్పుడు మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో క్లియరెన్స్ లేకుండా పనికి పంపకండి. అది ఉంటేనే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. విజిట్ మీద పోయి అక్కడ మార్చుకోవచ్చు అన్నవాడి ఫోన్ నంబర్ అక్కడికక్కడే డిలీట్ చేయండి.

మళ్ళీ మీ ట్రిప్‌కు వస్తాను. మోసుల్ ఈసారికి తీసేయండి. ఊరు కుదుటపడింది, నూరీ మసీదు కూడా మళ్ళీ కట్టారు. కానీ పాతబస్తీలో శిథిలాల కింద పేలని సామాను ఇంకా దొరుకుతూనే ఉంది, పైగా బాగ్దాద్ నుంచి ఆ దారిలో సైతరాలకే ఒక పూట పోతుంది. అక్కడికైనా, బస్రా తూర్పున ఇరాన్ సరిహద్దు వైపైనా, తారు రోడ్డు దిగి పక్కకు వెళ్ళకూడదు. ఆ సరిహద్దులో 1980-88 యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. ఉత్తరం చూడాలనిపిస్తే ఇంకోసారి ఎర్బిల్‌కే టికెట్ తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి, కుర్దిస్తాన్ విడిగా ఇచ్చే వీసాతో బాగ్దాద్ వైపు రానివ్వరు. మీకు కావలసింది బాగ్దాద్ ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ ఈ-వీసా.

మొదటి మూడు రాత్రులు బాగ్దాద్. అందులో ఒక శుక్రవారం పడేట్టు చూసుకుని ముతనబ్బీ వీధికి పొద్దున్నే వెళ్ళండి, అది పుస్తకాల బజారు. అక్కడ షాబందర్ కేఫ్‌లో నిమ్మకాయ టీ తాగండి. 2007 మార్చిలో ఆ వీధిలో కారు బాంబు పేలినప్పుడు కేఫ్ యజమాని నలుగురు కొడుకుల్ని, ఒక మనవణ్ణి పోగొట్టుకున్నాడు. వాళ్ళ ఫోటోలు గోడ మీద ఉంటాయి. నాలుగో రోజు పొద్దున్నే కారు మాట్లాడుకుని బాబిలోన్ చూసుకుని చీకటి పడకముందే కర్బలా చేరండి. రెండు రాత్రులు అక్కడ, రెండు నజఫ్‌లో. ఊర్‌కు నజఫ్ నుంచి పోయి అదే రోజు తిరిగొచ్చే ప్లాన్ వేశారు, అది మార్చండి. అంత దూరం పోయి వస్తే చివరి గంటన్నర చీకట్లోనే పడుతుంది. నసీరియాలో ఒక రాత్రి పడుకోండి. ఊర్ శిథిలాల పక్కనే వైమానిక స్థావరం ఉంది, జిగ్గురాత్ (మెట్ల గుడి) ఎక్కాక కెమెరా ఆ వైపు తిప్పొద్దు. అక్కణ్ణుంచి బస్రా దగ్గరే కాబట్టి తొమ్మిదో రోజు దుబాయ్‌కి విమానం బస్రా నుంచి తీసుకుంటే బాగ్దాద్ దాకా వెనక్కి పోయే పని తప్పుతుంది. టికెట్ మాత్రం డబ్బు వాపసు వచ్చే రకమే కొనండి.